జిలేబి చేసిన ఖూనీ

అబ్దుల్ వాహెద్‌ది వేటగాళ్ల వంశం. ఈ సంగతి కార్వాన్‌లోని ఆ గల్లీలో తెలియనివాళ్లు లేరు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు కూడా సామాను సర్దుకునేలోపే తెలిసిపోతుంది. వాహెద్ తాత ఎవరో జాగీర్దారు వెంట అడవులు తిరిగి చిరుతలను కొట్టాడట. ఆ చిరుతల లెక్క ఏటేటా పెరుగుతూనే ఉంది. తాత పోయి ఎన్నో ఏళ్లయింది గానీ ఆయన వేట మాత్రం ఇంకా ఆగలేదు.

ఇక వాహెద్ సొంతంగా వేటాడింది ఏమిటయ్యా అంటే, ఏమీ లేదు. తాళాలు బాగుచేసే దుకాణం నడిపి నడిపి, దాన్ని కొడుకు తారిక్‌కు అప్పజెప్పి, ఇప్పుడు మిద్దె మీద పావురాలు పెంచుకుంటున్నాడు. ఇంట్లో బొద్దింక కనిపిస్తే కాళ్లు కుర్చీ మీదికి లాక్కుని భార్య అన్వరీ బేగాన్ని కేకేస్తాడు. ఆవిడ చెప్పు పట్టుకుని వచ్చి ఆ పని ముగించి పోతుంది.

పక్కింటి ప్రకాశం నల్లాల ఆఫీసులో నీళ్ల పైపుల ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైనప్పుడు తోటివాళ్లు ఒక మంచి ఫోను కొనిచ్చారు. అందులో జంతువుల వీడియోలు చూసీ చూసీ ఆయనలో దయ పొంగింది. చీమలకు చక్కెర వేస్తాడు, ఎండాకాలం కాకులకు గిన్నెలో నీళ్లు పెడతాడు. ఆదివారం చికెన్ మాత్రం మానలేదు. దయకు కూడా వారానికో సెలవు ఉండాలి కదా.

వాహెద్ పొద్దున్నే పావురాలను ఎగరేసి దిగి వస్తాడు. అప్పుడు ఇద్దరూ గల్లీ మొదట్లో ఉన్న హోటల్లో కూర్చుని ఒక ఛాయ్‌ని రెండు కప్పుల్లో పంచుకుని కొట్లాడుకుంటారు. ఆ రోజు పేపర్లో జింకను చంపినవాళ్లు పట్టుబడ్డారని వార్త వచ్చింది.

"జైలుకు పోయిండ్రు. మంచిగైంది," అన్నాడు ప్రకాశం.

"దొంగచాటుగ కొట్టుడు తప్పే భాయ్. గని శికారే తప్పంటె నేనొప్పుకోను. మా దాదా జమానల శికార్‌కు ఒక ఖాయ్దా ఉండె. పిల్లలున్న తల్లిని కొట్టొద్దు. గాయమైనదాన్ని సగంల ఇడిసిపెట్టి రావొద్దు."

"గా ఖాయ్దాలు చిరుతలకు ఎవలన్న చదివి ఇనిపించిండ్రా? నీ చేతిల తుపాకి, దానికి ఒట్టి కాళ్లు. గిదేం బహదూరి?"

"ఐతవారం చికెన్ దుకాణం ముంగట నిలబడ్తవ్ గద, ఆ కోడి చేతిల ఏం తుపాకి ఉంటది? శికారీ తన చేత్తోని చంపి, నేనే చంపిన అని ఒప్పుకుంటడు. నువ్వు పక్కోనితోని చంపిస్తవ్. మొఖం అటు తిప్పుకొని సంచి ఇటు పడ్తవ్."

"ఆకలికి తినుడు వేరే, శౌక్‌కు చంపుడు వేరే!"

"అల్లం ఎల్లిగడ్డ నూరి, కొత్తిమీర చల్లుకొని తింటె అది ఆకలా?"

హోటలంతా నవ్వింది. ప్రకాశం కూడా నవ్వాడు. రేపటికి గట్టి జవాబు తెస్తానన్నాడు. అలా వాళ్ల వాదం ఏళ్ల తరబడి నడుస్తోంది. ఎవరూ గెలవలేదు, గెలవాలని ఎవరికీ తొందర కూడా లేదు.

ఇదంతా జిలేబి పాడుచేసింది.

జిలేబి అంటే ప్రకాశం భార్య కృష్ణమ్మ పెంచుకుంటున్న పిల్లి. ఒంటి మీద నారింజరంగు చుట్టలు ఉంటాయి కాబట్టి ఆ పేరు. అరచేతిలో పట్టేంత పిల్లగా ఉన్నప్పుడు మోరీ పక్కన దొరికితే కృష్ణమ్మ దూదితో పాలు పట్టి బతికించింది. ఇంట్లో పాలు కాగితే మొదటి గిన్నె దానిది, రెండోది ప్రకాశం ఛాయ్‌ది.

ఒకరోజు పొద్దున వాహెద్ మిద్దె ఎక్కేసరికి మోతీ కనిపించలేదు. మోతీ తెల్ల పావురం. అన్నిటికంటే పైకి వెళ్లి, గాలిలో పల్టీలు కొట్టి, నేరుగా వాహెద్ భుజం మీదికే దిగేది. చుట్టూ చూశాడు. పిట్టగోడకు అవతల, ప్రకాశం వాళ్ల నీళ్ల ట్యాంకు పక్కన, జిలేబి కూర్చుని ఉంది. దాని చుట్టూ తెల్లటి ఈకలు.

"ఖూన్! ఖూన్ హోగయా!" అని వాహెద్ పెట్టిన కేకకు గల్లీలోని మనుషులంతా మిద్దెలెక్కారు. ప్రకాశం లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకే వచ్చిన కృష్ణమ్మ సంగతి చూసి, చప్పున పిల్లిని చంకలో దాచుకుంది.

ప్రకాశం నిజానికి క్షమించమని అడుగుదామనే నోరు తెరిచాడు. కానీ వాహెద్ అప్పటికే పిల్లిని, దాన్ని పెంచినవాళ్లను, పెంచినవాళ్లకు బుద్ధి చెప్పనివాళ్లను వరసపెట్టి తిడుతున్నాడు. ప్రకాశానికి రోషం వచ్చింది.

"పిల్లి గదా భాయ్. శికార్ దాని ఖాందాన్ల ఉన్నది. తన నోటితోని తనే చంపింది, ఎదురుంగనే కూసున్నది, దాచిపెట్టలే."

"శికారా ఇది? ఆకలైందా దానికి? మీ ఇంట్ల పాలు దాగి, చేప తలకాయలు దిని పందికొక్కు లెక్క బలిసింది. శౌక్‌కు చంపింది!"

అనేశాక ఇద్దరికీ తెలిసింది, ఎవరి మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో. హోటల్లో అయితే బల్ల చరిచి నవ్వుకునేవాళ్లు. ఇక్కడ మోతీ ఈకలు గాలికి కదులుతున్నాయి.

"ఆ పిల్లి అన్న ఉండాలె, మన దోస్తీ అన్న ఉండాలె. ఏదో ఒకటి చూస్కో," అని వాహెద్ కిందికి దిగిపోయాడు. అంత మాట అనాలని ఆయన అనుకోలేదు. కానీ గల్లీ అంతా విన్న మాటను వెనక్కి తీసుకోవడం వేటగాళ్ల వంశానికి కుదరదు.

మర్నాటి నుంచి హోటల్లో ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు. ఎవరి ఛాయ్ వాళ్లదే. సగం తాగేసరికి ఇద్దరికీ కడుపు నిండిపోయేది, మిగిలిన సగాన్ని చూస్తూ కూర్చునేవాళ్లు.

పైగా వాహెద్ ఒక ప్రకటన కూడా చేశాడు. జిలేబిని శికార్ చేసి తీరుతానని హోటలందరి ముందూ చెప్పి, జామచెట్టు పంగలకర్రతో గులేరు తయారుచేసుకున్నాడు. రబ్బరు లాగి చూసుకుంటుంటే అన్వరీ బేగం తలుపు దగ్గర నిలబడింది.

"అజీ, మొదలు బాత్‌రూంల బొద్దింక ఉన్నది. దాన్ని కొట్టి మష్కు జేస్కోండ్రి, గురి కుదురుతది."

ఆయన వినిపించుకోలేదు. వరసగా కొన్ని పొద్దుటిపూటలు మిద్దె మీద పావురాల గూటి వెనక నక్కి కూర్చున్నాడు. మోకాళ్లు పట్టేశాయి. దోమలు ఆయన్ని బాగా వేటాడాయి. చివరికి ఒకరోజు జిలేబి రానే వచ్చింది. పిట్టగోడ మీద సరిగ్గా ఆయన ఎదురుగా కూర్చుని కాలు నాక్కోవడం మొదలుపెట్టింది.

వాహెద్ రాయి పెట్టి రబ్బరు చెవిదాకా లాగాడు. జిలేబి తలెత్తి ఆయన్ని చూసింది. చూసి, ఆవలించింది. వానాకాలం సాయంత్రాలు ప్రకాశంతో పేకముక్కలు పట్టి పత్తాలాడుతుంటే తన ఒళ్లోనే ముడుచుకు పడుకున్న పిల్లి అది. భయపడటం దానికి తోచనే లేదు. తాత చెప్పిన కథల్లో తుపాకి ఎలా పేలిందో, చిరుత ఎంత పొడవుందో అన్నీ ఉండేవి. పేలేముందు అది ఎలా చూసిందో తాత ఎప్పుడూ చెప్పలేదు, వాహెద్ అడగనూ లేదు.

రాయి కింద పడింది. "ఫో, ఫో" అన్నాడు మెల్లగా. జిలేబి వెళ్లలేదు. ఆయనే దిగి వెళ్లిపోయాడు. ఇంట్లో అడిగితే ఎండ కళ్లలో పడిందని చెప్పాడు.

ఆ మర్నాడు జిలేబి కనిపించలేదు. మధ్యాహ్నం నుంచి కృష్ణమ్మ చేతిలో పాలగిన్నెతో గల్లీలన్నీ తిరుగుతూ "జిలేబీ, జిలేబీ" అని పిలుస్తూనే ఉంది. పొద్దువాలే వేళకు వాహెద్ గడప ముందుకు వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"అన్నా, కొట్టినవా దాన్ని? కొడితె కొట్టినవ్ గని, ఎక్కడ పడేసినవో చెప్పు. పిడికెడు మట్టన్న ఏసి వస్త."

"అల్లా కసం చెల్లె, నేను కొట్టలే! కొడ్దామనుకున్న, గని కొట్టలే!"

ఎవరూ నమ్మలేదు. చుట్టూ చేరిన గల్లీ అంతా ఆయన గులేరును చూసింది, ఆయన శపథం విన్నది, ఆయన తాత చిరుతల కథలు అందరికీ కంఠతా వచ్చు. ఇన్నేళ్లూ చెప్పినదాన్ని జనం నిజంగానే నమ్మారని వాహెద్‌కు ఆ క్షణంలో తెలిసింది. దాపరికం ఎందుకు, లోపలెక్కడో ఇసుమంత గర్వం కూడా కలిగింది. కృష్ణమ్మ చేతిలో పాలగిన్నెను చూసి ఆ గర్వం చచ్చిపోయింది.

అన్వరీ బేగం బయటికొచ్చి సాక్ష్యం చెప్పింది. "చెల్లె, ఈయనా? మా బాత్‌రూంల బొద్దింక ఇంక సలామత్ ఉన్నది, వచ్చి చూస్కో."

అప్పుడు జనం వెనక నుంచి ప్రకాశం ముందుకొచ్చాడు. తల ఎత్తలేదు.

"కృష్ణా, భాయ్‌ని ఏమనకు. నేనే."

తెల్లవారుతూనే పిల్లిని గోనెసంచిలో వేసి, ఆటోలో పురానాపూల్ దాటించి, మూసీ అవతల వదిలి వచ్చాడట. నీళ్లు దాటిన పిల్లి తిరిగి ఇల్లు పట్టదని ఆ పేటలో అందరూ చెప్పే మాటే. దానికి తోవ గుర్తుండకూడదని సంచిని గిర్రున తిప్పి మరీ వదిలాడట.

కృష్ణమ్మ భర్త వైపు తిరిగింది.

"పొద్దుగాల నన్ను లేపి పాలు పొయ్యమన్నవ్. నువ్వే పెడ్తనంటివి. అంటే, పాలు పెట్టి పిలిచి పట్టినవా?"

ఆవిడ గిన్నె అక్కడే గడప మీద పెట్టి ఇంట్లోకి వెళ్లిపోయింది.

"అరె పాగల్!" వాహెద్ ప్రకాశం చొక్కా పట్టుకున్నాడు. "నేనేదో గుస్సల అన్న. గింత పని జెయ్యమని నిన్నెవలు జెప్పిండ్రు?"

"నువ్వు లేకుంటె ఛాయ్ దాగబుద్ధైతలేదు భాయ్. పొద్దు పోతలేదు. ఏం జెయ్యాల్నో తెల్వలే."

వాహెద్ చొక్కా వదిలేశాడు. కళ్లు తుడుచుకుని, ఎదురొచ్చిన ఆటో ఆపాడు. ఇద్దరూ ఎక్కారు.

పురానాపూల్ అవతల బజారు రద్దీగా ఉంది. ఇద్దరు ముసలివాళ్లు "జిలేబీ, జిలేబీ" అని అరుచుకుంటూ తిరుగుతుంటే కొందరు మిఠాయి దుకాణం చూపించారు. ఒకాయన జాలిపడి, షుగర్ ఉంటే తినొద్దు చాచా అని కూడా చెప్పాడు. చివరికి ఎండుచేపలమ్మే ఆమె తోపుడుబండి కిందికి వేలు చూపించింది. పొద్దున్నుంచి పీడిస్తున్నది, మీదేనా, తీసుకపోండ్రి అంది.

జిలేబి బండి చక్రం వెనక ఉంది. ప్రకాశం కింద కూర్చుని, రోజూ పిలిచే గొంతుతోనే పిలిచాడు. ఆ గొంతు వింటే అది ఏ మిద్దె మీదున్నా దూకి వచ్చేది. ఇప్పుడు వీపు విల్లులా వంచి, బుసకొట్టి, ఇంకా లోపలికి జరిగింది. ఆయన మళ్లీ పిలిచాడు. అది బండి వెనకున్న గోడకు అంటుకుపోయింది.

"నువ్వు జరుగు," అన్నాడు వాహెద్. తడి నేల మీద, క్యాబేజీ ఆకుల మధ్య, తెల్లటి కుర్తాతో సహా బోర్లా పడుకుని చెయ్యి చాచాడు. ఏమీ మాట్లాడలేదు, అలాగే ఉన్నాడు. జనం చుట్టూ మూగి చూసి, విసిగి వెళ్లిపోయారు. చివరికి జిలేబి ఆ చేతిని వాసన చూసి, ముందొకసారి గీరి, తర్వాత వచ్చి అందులోకి చేరింది.

తిరుగు ఆటోలో అది వాహెద్ రుమాలులో చుట్టుకుని ఆయన ఒళ్లో ఉంది. ప్రకాశం మెల్లగా చెయ్యి చాచాడు. జిలేబి మొహాన్ని వాహెద్ చంకలో దాచేసుకుంది. ప్రకాశం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఏళ్ల నాటి వాదాన్ని ఒక్క మాటతో గెలిచే సమయం వాహెద్‌కు వచ్చింది. మాట నాలుక దాకా వచ్చింది కూడా. పక్కకు తిరిగి ప్రకాశం మొహం చూసి దాన్ని మింగేశాడు.

"ఆకలి మీద ఉన్నది పాపం, గందుకే గట్ల జేస్తున్నది."

"అబద్ధం చెప్పకు భాయ్. ఎండుచేపల బండి కింద దొరికిన దానికి ఆకలెక్కడిది?" ప్రకాశం రోడ్డు వైపు చూస్తున్నాడు. "సంచిల ఏసినంక గూడ తోవ పొంట నా గొంతు ఇన్నప్పుడల్ల ఏడ్సుడు, ఒర్లుడు బంద్ జేసింది. నేనున్న అని ధీమా దానికి. నేను నడుమ నడుమ మాట్లాడుకుంటనే పోయిన." ఇటు తిరిగి అడిగాడు. "శికార్ అంటె గిట్లనే ఉంటదా భాయ్?"

తాత, జాగీర్దారు, చిరుతలు, ఏవీ వాహెద్ నోటికి రాలేదు.

"నాకేం ఎరుక ప్రకాశం. నేనెన్నడు శికార్ జెయ్యలే."

"నేను జేసిన," అన్నాడు ప్రకాశం.

వాహెద్ పిల్లిని ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చేతిని ప్రకాశం భుజం మీద వేశాడు. గల్లీ వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.