గాయపడినవాడి కేక

పలువురు కలిసి ఆడే ఆ యుద్ధపు వీడియో గేమ్‌లో తూటాల చప్పుడు మొదలుకొని బూట్లకంటిన బురద వరకు అన్నీ నిజంలాగే కుదిరాయి. గాయపడిన సైనికుడి కేక ఒక్కటే కుదరలేదు. అది వినగానే ఆటగాళ్ళు తోటివాణ్ణి కాపాడవలసింది పోయి పగలబడి నవ్వుతున్నారు. ఈసారీ నవ్వితే, గాయపడినవాణ్ణి మోసుకొచ్చే ఘట్టాన్నే తీసేస్తానని పై అధికారి తేల్చిచెప్పాడు. ఆటను రూపొందిస్తున్న ఆవిడకు ప్రాణమంతా ఆ ఘట్టం మీదే ఉంది.

అందుకే ఇంట్లో మైకు పెట్టి భర్తను పట్టుకుంది. అతడు గుండె మీద చెయ్యి వేసుకుని గావుకేక పెట్టాడు.

“తూటా తగిలినట్టు లేదండీ, బస్సు తప్పిపోయినట్టుంది.”

“నీకు దొరికేదానికంటే శత్రువుకి దొరకడమే నయం తల్లీ!” అంటూ విసురుగా లేచిన అతడి కాలి చిటికెనవేలు బల్ల కోడుకు ఠపీమని తగిలింది. “అమ్మా!”

వంటింట్లోంచి అత్తగారు ఒక్క పరుగున వచ్చింది. “ఏమైందిరా నాన్నా?”

కోడలు మాత్రం ముందు రికార్డయిందో లేదో చూసుకుంది.

మర్నాడు ఆ కేకను ఆటలో పెట్టి, ఇంటినుంచే ఆటగాళ్ళతో పరీక్షించింది. స్పీకర్లో ఆ “అమ్మా!” వినబడగానే ఎవరూ నవ్వలేదు. ముందుకు దూసుకుపోతున్న ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెనుదిరిగారు. ఎదుటి పక్షంవాడొకడు తుపాకీ కూడా దించాడు. హమ్మయ్య అనుకుని ఆమె తల తిప్పేసరికి, గుమ్మంలో తడిచేతులతో అత్తగారు నిలబడి ఉంది.

“ఆయన ఆఫీసుకెళ్ళారు కదత్తయ్యా! అది ఆటలోది.”

“తెలుసే పిచ్చిదానా. నా కాళ్ళకి తెలియొద్దూ?”