మరచెంబు గుండెలో మొక్క

చాకు పదును పోయిందని సత్యకుమారికి రెండో పుల్ల కోస్తుండగానే తెలిసిపోయింది. కోత నున్నగా రాలేదు, అంచు నలిగింది. నలిగిన పుల్లతో కడితే అంటు అతకదు. దాన్ని అవతల పారేసి, కాళ్ళ దగ్గరున్న రాయి మీద నీళ్ళు చిలకరించి చాకు నూరడం మొదలెట్టింది. నూరినంతసేపూ తిట్టింది. చాకుని కాదు, ‘చుక్కలదారి’ సీరియల్ రాసేవాళ్ళని.

ఆరేళ్ళ సీరియల్ ఈవేళ మధ్యాహ్నం ఒంటిగంటకి అయిపోతుంది. చివరి భాగంలో ఏముంటుందో పోయిన శుక్రవారం కొన్ని ముక్కలు చూపించారు. కెప్టెన్ ఉంది, ఓడ ఉంది, పెళ్ళిపందిరి కూడా ఉంది. ఓడలో మరమనిషి మరచెంబు మాత్రం లేడు. ఒక్క ముక్కలోనైనా, ఒక్క మూలనైనా లేడు. వారం నుంచీ సత్యకుమారికి అన్నం సయించడంలేదు.

“వాణ్ణేం చేశార్రా, మీ చేతులు పడిపోను,” అనుకుంటూ కొత్త పుల్ల అందుకుంది.

యాభై రెండేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కడియపులంకలో ఈ నర్సరీకి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళు. ఎడమచేతి బొటనవేలి మీద కోత మీద కోత పడి చర్మం చెప్పు అట్టలా అయింది. ప్లాస్టిక్ పట్టీ ఒక కొస పళ్ళమధ్య బిగించి పెడుతుంది. టెంకమొక్క తల నరికి, మొదలు నడిమికి చీల్చి, మంచి జాతి మామిడి పుల్లని మేకులా చెక్కి ఆ చీలికలో దింపి, పట్టీ చుట్టేస్తుంది. ఇంతా కలిపి నిమిషం పట్టదు. పట్టీ పళ్ళలో ఉన్నా ఆవిడ నోరు ఊరుకోదు. షేడ్‌నెట్ కింద పచ్చటి వెలుతురులో వరసగా గోనెలు పరుచుకుని కూర్చునే ఆడవాళ్ళందరికీ ఆ ముద్దమాటలు అలవాటే.

ఆవిడ కుడిపక్క గోనె మూడునెలలుగా ఖాళీ. అది అచ్చాయమ్మది.

అంటు కట్టడం సత్యకుమారికి నేర్పింది అచ్చాయమ్మే. అరవై ఎనిమిదేళ్ళు ఆవిడకి. షుగరు కళ్ళని తినేశాక కూడా రెండేళ్ళు వేళ్ళతోనే కట్టింది. బొటనవేలు పెట్టి తడిమి, పుల్ల బెరడూ మొదలు బెరడూ ఒకే మట్టానికి వచ్చాయో లేదో చెప్పేసేది. ఆవిడ కట్టిన వందలో తొంభై అయిదు బతికేవి. కళ్ళున్నవాళ్ళవి ఎనభై బతికితే గొప్ప. ఎవరు కట్టిన వరసకి వాళ్ళ గుర్తు ఉండాలని నర్సరీలో ఆచారం. చదువొచ్చినవాళ్ళు ట్యాగు మీద పేరు రాస్తారు. చదువురాని అచ్చాయమ్మ మార్కరుతో మరచెంబు బొమ్మ గీసేది. గుండ్రటి పొట్ట, పైన మరమూత, అంతే.

ఆ బొమ్మ సీరియల్లోంచి వచ్చిందే. ఆకాశంలో దారి తప్పిన ఓడ, అందులో రెండొందలమంది జనం, వాళ్ళకో ఆడ కెప్టెన్ ఇరావతి, ఓడలో తోటకి నీళ్ళు పోయడానికి ఒక మరమనిషి. ఆ మరమనిషికి పెట్టిన పేరు నోరు తిరిగి చావదు. మొదటివారం సత్యకుమారి ఫోనుని కళ్ళకి ఆనించుకుని చూసి, “వీడి బుర్రేంటే మా అత్తగారి మరచెంబులా ఉంది” అంది అచ్చాయమ్మ. ఆ పేరే ఖాయమైంది. తరవాత చూపు పోయింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం సత్యకుమారి చూడ్డం, అన్నాల దగ్గర ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పడం. ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక్క ముక్క కలిపినా, ఒక్క ముక్క మింగినా అచ్చాయమ్మ ఊరుకోదు.

ఇద్దరికీ పడనిది ఒక్కటే. ఏ ఘట్టం గొప్పది అని. సత్యకుమారికి కెప్టెన్ ఘట్టం ప్రాణం. ఓడ బరువు తగ్గాలి, వెనక అంతస్తులో పనివాళ్ళని వదిలేసి వెళ్ళిపొమ్మంటాడు పెద్ద అధికారి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని. ఇరావతి భుజం మీది పతకం ఊడదీసి అతని పులుసు గిన్నెలో పడేసి లేచిపోతుంది. దీన్ని సత్యకుమారి తన క్యారేజీ గిన్నెతోటీ ప్లాస్టిక్ పట్టీతోటీ ఎన్నిసార్లు అభినయించిందో లెక్కలేదు.

“అదేం గొప్పే? కోపం ఎవరికైనా వస్తుంది. మనవాడు చేసింది చూడు,” అనేది అచ్చాయమ్మ.

మనవాడంటే మరచెంబు. గాలి చాలక ఓడలో తోటంతా బయటికి తోసెయ్యమన్నప్పుడు, వాడు తన ఛాతీ తలుపు తెరిచి, ఉన్న రెండు బ్యాటరీల్లో ఒకటి పీకేసి, ఆ ఖాళీలో ఒక్క మొక్కని దాచాడు. ఆ రోజునుంచి కుంటుతూ నడిచాడు. రోజూ తలుపు తీసి దానికి దీపం వెలుగు చూపించి, చెంచాడు నీళ్ళు పోసేవాడు. నాలుగేళ్ళు అలాగే లాక్కొచ్చాడు.

ఆ అచ్చాయమ్మకి ఇప్పుడు కిడ్నీలు పోయాయి. ఇంక ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పి అయిదు రోజులైంది. మంచినీళ్ళు కూడా దిగడంలేదు. మొన్న వెళితే కళ్ళు తెరవకుండానే, “శుక్రవారం ఎల్లుండేనా?” అని అడిగింది.

పదకొండింటికి యజమాని ఉదయభాస్కర్ గొడుగేసుకుని వచ్చాడు. ముప్ఫై ఆరేళ్ళవాడు. చిన్నప్పుడు ఈ గోనెల మధ్యే పాకాడు. ఒకసారి టెంక మింగబోతే నోట్లో వేలు పెట్టి తీసింది అచ్చాయమ్మే.

“సత్యకుమారీ, సాయంత్రం లారీకి మామిడి లోడు. అచ్చాయమ్మ కట్టిన ఆ రెండొందలూ ఎక్కించెయ్యాలి. ఆ చెంబు బొమ్మల ట్యాగులు తీసేసి మన ప్రింటెడ్‌వి కట్టు. ఇవేం బొమ్మలని అవతలివాళ్ళు అడుగుతున్నారు.”

“అవి అచ్చాయమ్మ పిన్ని గుర్తండి.”

“తెలుసమ్మా. ఆవిడ ఇంక రాదు కదా. పాతవన్నీ తీసేస్తున్నాం.”

పాతవన్నీ తీసేస్తున్నారట. అచ్చాయమ్మ కాళ్ళవాపులకని తెచ్చుకున్న ముక్కాలిపీట అటు మోటారు కింద ఎత్తుకి పెట్టారు, నూనె కారి నల్లబడింది. సత్యకుమారి కళ్ళు దానిమీద పడ్డాయి. పళ్ళలో పట్టీ ఉంది. ఇరావతి అయితే ఈపాటికి పతకం పీకి పడేసేది. సత్యకుమారి పట్టీ నోట్లోంచి తీసింది.

“ఆయ్, అలాగేనండి,” అంది.

ఆయన వెళ్ళిపోయాక తన నోటిని తనే తిట్టుకుంది. ఇన్నాళ్ళూ క్యారేజీ గిన్నెలో పట్టీ పడేసి ఆడవాళ్ళని నవ్వించిన నోరు. నిజంగా గిన్నె ఎదురొచ్చేసరికి ఆయ్ అంది. చేతులు మాత్రం పనిలో పడ్డాయి. కత్తెరతో ఒక్కొక్క దారం కత్తిరించి, ట్యాగులన్నీ క్యారేజీ సంచిలో వేసుకుంది. పారెయ్యమన్నారు. పారెయ్యలేదు. ఆమాత్రం ఎదిరింపే చేతనైంది ఆవిడకి.

వరస చివర ఒక మొక్క గిడసబారి ఉంది. రెండే ఆకులు. లోడుకి పనికిరాదు. దాని ట్యాగు కత్తిరించకుండా పక్కన పెట్టింది.

ఒంటిగంటకి చెవిలో వైరు పెట్టుకుని, షెడ్డు గోడకి ఆనుకుని, ఫోను మోకాళ్ళమీద నిలబెట్టి చూసింది. క్యారేజీ మూత తియ్యలేదు. నలభై నిమిషాలు. ఓడ ఇంటికి చేరింది. బాజాలు, పూలు, ఉపన్యాసాలు. ఇరావతికి పెళ్ళి, అదీ ఆ పులుసు గిన్నె అధికారితోనే. సత్యకుమారి నమ్మలేక ఫోను దగ్గరికి జరుపుకుంది. పెళ్ళిలో ఎవరో ఆ మరమనిషి ఎక్కడని అడిగారు. ఇరావతి నగ తగిలించుకుంటూ, “పాతవన్నీ తుక్కుకి పంపేశాం” అంది. నవ్వింది. అంతే. వాణ్ణి చూపించను కూడా లేదు.

సత్యకుమారి వైరు లాగి పడేసింది. ఆరేళ్ళు. కుంటుకుంటూ నడిచిన మనిషిని, మనిషి కాకపోతే మానె, వాణ్ణి నగ తగిలించుకుంటూ ఒక్క మాటతో తుడిచేశారు. రాసినవాడు ఒక్కడు ఎదురుపడితే చాలు, ఈ చాకు నూరిన రాయితో వాడి మొహం నూరేసేది. దానికన్నా పెద్ద సంకటం ఇంకొకటుంది. సాయంత్రం పిన్నికి ఏమని చెప్పాలి? చావబోయే మనిషి చెవిలో ఇదా పొయ్యడం?

నాలుగున్నరకి లారీ కదిలాక, గిడసమొక్కని సంచిలో పెట్టుకుని కాలవగట్టు పట్టింది. దారంతా అబద్ధం కట్టుకుంటూ నడిచింది. ఇరవై ఎనిమిదేళ్ళలో పిన్నితో ఆడబోయే మొదటి అబద్ధం. పుల్ల చెక్కినంత జాగ్రత్తగా చెక్కింది.

గడపలో అచ్చాయమ్మ కోడలు దుర్గాశ్రీ ఎదురొచ్చింది. నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి.

“పొద్దుట్నుంచీ మీకోసమేనక్కా. కుమారి వచ్చిందా, కుమారి వచ్చిందా అని.”

కిటికీ పక్క మంచం మీద అచ్చాయమ్మ దుప్పటిలో ఉందో లేదో తెలియనంత చిన్నదైపోయింది. కాళ్ళు మాత్రం ఉబ్బి మెరుస్తున్నాయి.

“చెప్పవే,” అంది.

సత్యకుమారి చెప్పింది. ఓడ ఇంటికి చేరింది పిన్నీ. పెద్ద అధికారి వచ్చి మరమనిషిని తుక్కులో వెయ్యమన్నాడు. ఇరావతి తనకి కొత్తగా ఇచ్చిన పతకం కూడా పీకి వాడి పులుసులో పడేసింది. మరచెంబుని చెయ్యి పట్టుకుని ఊరంతా ఊరేగించింది. వాడి కుంటి కాలికి కొత్త మరలు వేశారు. జనం దండలు వేశారు. చెబుతుంటే తనకే కళ్ళు తడయ్యాయి, ఎంత బాగా కుదిరిందో అనుకుంది.

అచ్చాయమ్మ అంతా వింది.

“మొక్కో?”

తెల్లారి లేస్తే మొక్కల్లో బతికే మనిషి, దారిపొడుగునా అంత జాగ్రత్తగా కట్టిన అబద్ధంలో మొక్కని మర్చిపోయింది.

“వాళ్ళు మర్చిపోయుంటారు. నువ్వూ మర్చిపోయావు,” అంది అచ్చాయమ్మ. “చూసినదాన్నయితే నువ్వు మర్చిపోవు. సొంతంగా అల్లావు. అసలుది చెప్పు.”

చెప్పింది. నగ సంగతి, నవ్వు సంగతి, తుక్కు సంగతి. అచ్చాయమ్మ మొహంలో అయిదురోజులుగా లేని రక్తం పొంగింది. “నన్ను లేపి కూచోబెట్టు,” అంది. గోడకి తలగడ ఆనించి కూర్చోబెట్టారు.

“తుక్కులో వేసేముందు ఛాతీ తలుపు తీసి చూశారా? లేదు. లోపల అది ప్రాణంతో ఉంది కదే. చెంచాడు నీళ్ళు పోసి ఎరగరు వెధవలు, వీళ్ళా కథలు రాసేది. నేలలో పెట్టాలి దాన్ని. ఇల్లు చేరారు కదా, నేల ఉంది కదా. ఇంకెందుకు మోశాడు వాడు?” ఆయాసం వచ్చింది. ఆగి, మళ్ళీ తిట్టింది. సత్యకుమారి కూడా కలిసి తిట్టింది. ఇద్దరూ కలిసి ఆ రాసినవాళ్ళ ఏడుతరాలనీ దులిపేశారు. దుర్గాశ్రీ గుమ్మంలో నిలబడి విస్తుపోయి చూసింది.

అప్పుడు సత్యకుమారి మొక్క తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది. అచ్చాయమ్మ వేళ్ళు మొక్క ఉన్న కవరు తడిమి, ట్యాగు తడిమి, అతుకు దగ్గర ఆగాయి.

“నాదే. మిగతావేవి?”

“లారీ ఎక్కేశాయి పిన్నీ.”

“నా గుర్తుతోనేనా?”

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసింది.

“తీయించేశాడు భాస్కరంగారు.”

“ఎవరు తీశారు?”

“నేనే,” అంది సత్యకుమారి. సంచి బోర్లించింది. ట్యాగులన్నీ దుప్పటి మీద పడ్డాయి. “ఆయ్ అన్నాను పిన్నీ. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ కెప్టెనుని తిట్టాను కానీ నేనూ అదే చేశాను.”

తిట్టినా బాగుండేది. అచ్చాయమ్మ బొటనవేలితో అతుకుని చుట్టూ ఒకసారి, మళ్ళీ ఒకసారి రాసింది.

“పట్టింది,” అంది చివరికి. “మన్ను ఎండిపోయిందే. నీళ్ళు తే.”

సత్యకుమారి పెరట్లోకి వెళ్ళి కుళాయి కింద చెంబు పెట్టింది. ధార సన్నగా వస్తోంది. నిండేదాకా నిలబడింది. తిరిగొచ్చేసరికి అచ్చాయమ్మ తల గోడవైపు వాలింది. వేలు అతుకు మీదే ఉంది. దుర్గాశ్రీ పిలుస్తోంది. ముందు మెల్లగా, తరవాత గట్టిగా.

సత్యకుమారికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ రాసినవాళ్ళ మీద, ఉదయభాస్కర్ మీద, తన నోటి మీద. తెమ్మన్న నీళ్ళు మాత్రం చేతిలో ఉన్నాయి. వంగి, ఆ వేలు కదలకుండా, కవరులో కొంచెం కొంచెంగా పోసింది. అంచు దాటి పొర్లిన నీళ్ళు ట్యాగు మీదుగా కారాయి. మార్కరుతో వంకరగా గీసిన మరచెంబు, మూత ఒక పక్కకి ఒరిగి, తడిసి అక్కడే ఉంది.