మూడో ప్యానెల్‌కు రాగి పోగు

హబీబుల్లా మధ్యాహ్నం అన్నం ఈపూరోళ్లతో కలిసి తింటాడు. వాళ్లు ఈపూరులోనే ఉంటారు. ఈయన ఆ పూట ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో, తన వ్యాన్‌లో ఉంటాడు. ఒకప్పుడు బడిపిల్లల్ని మోసిన పసుపు వ్యాను అది. సీట్లు పీకేసి మంచం, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్యాను పెట్టుకున్నాడు. ఊరూరా మిక్సీలు బాగుచేస్తూ తిరిగి, చీకటిపడితే అందులోనే పడుకుంటాడు. వేరే ఇల్లు లేదు. "ఇది కాలిపోతే నాకు మిగిలేది ఈ లుంగీయే" అని ఎవరూ నవ్వకముందే తనే నవ్వేస్తాడు.

వ్యాన్ పైన రెండు పాత సోలార్ ప్యానెళ్లు. పాత ప్యానెల్ కొంటే అది ముందున్న ఇంటి మాటలు కూడా దాంతోపాటే వస్తాయని పల్నాడులో తెలియనిదెవరికి? బేరం దగ్గరే అడుగుతారు, ఎవరింటిదని. ఎండెక్కగానే హబీబుల్లా ఫ్యాన్‌లోంచి ఈపూరు అత్తాకోడళ్లు మాట్లాడతారు. రెండోది పెదకూరపాడుది. అందులో తండ్రీకొడుకులు క్రికెట్ మీద పోట్లాడుకుంటారు.

"ఈపూరులో ఇవాళ గోంగూర" అని టీ కొట్టులో చెబుతాడు. నువ్వేం వండావని ఎవరూ అడగరు. అదే మంచిది. అడిగితే చెప్పడానికి మాడిన అన్నం తప్ప ఏమీ ఉండదు.

మబ్బు పట్టిన రోజు బ్యాటరీ చాలక ఫ్యాను ఆగేది. ఫ్యానాగితే రెండు ఇళ్లూ ఆగేవి. ఆ రోజు పళ్లెంలో అన్నం సగం మిగిలిపోయేది. అందుకని నరసరావుపేటలో సుహైల్ కొట్టుకెళ్లి మూడో ప్యానెల్ కొన్నాడు.

"ఎవరింటిదిరా?"

"దుర్గిది మామా. బొమ్మలు చెక్కే షెడ్డులో రాళ్లకు నునుపు పెడుతుంది, తస్లీమ్ అని. మీటరు కరెంటొచ్చిందని అమ్మేసింది. ఒక్కతే ఉంటది. చానా నిదానం ప్యానెల్."

"పక్కపక్కనే కలిపేస్తా. ప్లస్సులన్నీ ఒకచోటికి, మైనస్సులన్నీ ఒకచోటికి. అంతేగా?"

"రెండే అయితే అంతే. మూడోది కలిపావంటే ఒక్కోదానికి ఒక్కో ఫ్యూజు పడాల్సిందే. ఒకటి పాడైందనుకో, మిగతా రెండూ తమ కరెంటంతా దాంట్లోకే పోస్తాయి. వైరు కాలుద్ది."

"ఈ సంగతి మా చుట్టాలకు చెప్పరా. నేనిన్నిసార్లు పాడయ్యా, ఒక్కడూ ఏమీ పొయ్యలా."

సుహైల్ దగ్గర రెండే ఫ్యూజులున్నాయి. మూడోది రేపొస్తుందన్నాడు. ఆ రెండూ పాత ప్యానెళ్లకు వేసిన హబీబుల్లా మూడోదానికి ఆగలేదు. మన దగ్గర ఫ్యూజు లేదని ఆగినవాడెవడు? వైరు చివర ఒలిచి రాగి పోగు లాగి చుట్టేస్తాం. మీ మీటరు పెట్టె, నా మీటరు పెట్టె తెరిచి చూసుకుంటే తెలుస్తుంది. ఒక పోగు చాలదేమోనని ఆయన నాలుగు పేనాడు.

దుర్గి ప్యానెల్‌లోంచి మాటల్లేవు. రాయి మీద రాయి రుద్దుతున్న గరగర, అప్పుడప్పుడు దగ్గు. ఈపూరోళ్లతో అన్నం తినేవాడు కానీ వాళ్లతో ఎప్పుడూ మాట్లాడలేదు, వాళ్లకు వాళ్లున్నారు. ఈ గరగరకు మాత్రం జవాబు చెప్పబుద్ధయ్యేది. చుట్టాల గురించి, మాడిన అన్నం గురించి, తన బట్టతల గురించి చెప్పుకునేవాడు. ప్యానెల్ మాటలు ఇటు రావడమే తప్ప అటు పోవని తెలిసీ.

మాచర్ల రోడ్డులో కంకర లారీ వెనకాల వస్తుంటే ఒక రాయి ఎగిరి మూడో ప్యానెల్ పగిలింది. ఆ రోజు నుంచి గరగర లేదు. ప్యానెల్ చెడింది గానీ అలవాటు చెడలేదు. మాట్లాడుతూనే ఉన్నాడు. వ్యాన్‌లో మాడు వాసన వచ్చేది. ఆ వాసన ఆయనకు కొత్త కాదు కనుక అన్నమే అనుకున్నాడు.

తర్వాతి వారం దుర్గిలో బొమ్మల షెడ్డు పక్కన వ్యాను ఆపాడు. మోచేతుల దాకా రాతిపొడి అంటిన ఒకామె వ్యాను పైన ప్యానెల్ చూసి గబగబా వచ్చింది.

"మిక్సీ ఏదమ్మా?"

"మిక్సీ లేదు. నీ వైరు కాలుతుంది. దిగు ముందు. నేను తస్లీమ్‌ని."

దిగి, వెనకనుంచి వ్యాన్‌లోకి ఎక్కి చూశాడు. రాగి పోగులు ఎర్రగా ఉన్నాయి. వైరు తొడుగు కరిగి గ్యాసు బండకు జానెడు పైన బొట్టుగా వేలాడుతోంది. చప్పున వైరు ఊడదీశాడు. కిందికి దిగాడు.

"మీకెట్లా తెలిసింది?"

"నా ఇంట్లో పాత బల్బు హోల్డరు ఇంకా వేలాడుతుందిగా. దాంట్లోంచి ఈపూరు అత్తాకోడళ్లు, పెదకూరపాడు తండ్రీకొడుకులు, నడుమ నువ్వు. పని చేసుకోనిస్తేగా."

"కరెంటు అటు పోతే మాటలూ అటే పోయాయన్నమాట. అంతా విన్నారా?"

"బట్టతల సంగతి కూడా. నిన్నట్నించి ప్లాస్టిక్ కంపు మొదలైంది."

కొంగుముడి విప్పి ఫ్యూజు తీసి ఇచ్చింది. రాగి పోగుల సంగతి విని సుహైల్ దగ్గర తెప్పించిందట. హబీబుల్లా దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

"ఇది వేస్తే వెంటనే కొట్టేస్తది. ఇక నా మాట మీకు రాదు."

"రాకపోతే పోయె. వెయ్యి. చెప్పేదేమన్నా ఉంటే నోటితో చెప్పు. ఎదురుగానే ఉన్నాగా."

వేశాడు. టప్‌మని ఫ్యూజు పోయింది. ఫ్యాన్‌లో ఈపూరు అత్తగారు ఉప్పెక్కువైందని మొదలుపెట్టింది. హబీబుల్లా చెయ్యి చాచి ఫ్యాను ఆపేశాడు.

"ఇవాళ కూడా అన్నం..." అన్నాడు.

"తెలుసు" అంది తస్లీమ్. "పళ్లెం తీసుకుని రా."

మర్నాడు టీ కొట్టులో ఎవరో అడిగారు, నిన్న ఈపూరులో ఏం వండారని. హబీబుల్లా చెప్పలేకపోయాడు. వినలేదు.