బయటికొస్తే తగ్గే తలనొప్పి

ఐదోరోజు పొద్దున కూడా మరుగుదొడ్డి డబ్బా ఖాళీ చేసే వంతు ఆమెదే అయింది. వంతు అనడం మాటవరసకే. వంతులంటూ ఉంటే ఒక్కరోజైనా ఇంకొకరి దాకా వెళ్ళాలి కదా! ఆ ఇంటిబండిలో ఉన్నది ముగ్గురు. మొగుడు బండి నడిపేవాడు కనుక ఆయన చేతులకు మట్టంటకూడదు. అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు, మంచు మీద జారిపడితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. ఇక మిగిలింది ఎవరు? ఇల్లు నేల మీద నిలబడినా, చక్రాల మీద పరిగెత్తినా, ఎత్తిపోసే చెయ్యి మాత్రం మారదు.

కోటు మీద కోటు తొడుక్కుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని కిందికి దిగింది. చలి ముక్కుపుటాలను కోసేసింది. సరస్సు ఒడ్డున బండ్లు ఆపుకునే మైదానం అది. ఎండాకాలంలో ఇసకేస్తే రాలనంత జనమట. ఇప్పుడు వీళ్ళది ఒక్కటే బండి. అవతలి మూలనున్న మరుగుదొడ్ల గది దాకా నడిచి, డబ్బా ఖాళీ చేసి, రెండుసార్లు కడిగి, మందునీళ్ళు పోసి మూత బిగించేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో, లేచినప్పటి నుంచి నుదుటిచుట్టూ తాడు బిగించినట్టున్న తలనొప్పి పోయింది.

పోతే పోయింది, దానికీ ఆరా ఎందుకనుకుంది. మనసు ఊరుకుంటుందా? నిన్నా ఇంతే జరిగింది. మొన్నా ఇంతే. బయట తేలికపడిన తల, లోపలికెళ్ళి టీ పెట్టి, గుడ్లు ఉడికించి, పక్కలు మడిచేసరికి మళ్ళీ బిగుసుకుంటోంది. కడుపులో తిప్పుతోంది. కాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుంటున్నాయి. మొగుడితో చెబితే, "నీ తలనొప్పికి కూడా ఒక సీటు వేయించాల్సింది, మనతోపాటే బయల్దేరింది" అన్నాడు. అత్తగారు పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. మొదటిసారి కనుక ఆమె కూడా నవ్వేసింది.

ఈ ప్రయాణం ఆయన కల. ముప్పై ఏళ్ళు వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు, బండి అద్దెకు తీసుకుని చలికాలంలో మంచు చూడాలని పట్టుబట్టాడు. "పది రోజులు నీకు ఏ పనీ ఉండదు. ఊడ్చడానికి ఏముంది, గదంతా కలిపి గుప్పెడు!" అన్నాడు. నిజమే కాబోలనుకుని, స్కూలు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేస్తూ దాచుకున్న సెలవులన్నీ తెచ్చి ఇందులో పోసింది. సెలవు కాగితం చూసి హెడ్మాస్టరు, "అన్ని రోజులు ఖాళీగా ఏం చేస్తారమ్మా, విసుగు రాదూ?" అన్నాడు. ఖాళీ! గుప్పెడు గదిలో ఒక గిన్నె తీయాలంటే మూడు దించాలి. బల్ల మడిస్తే గాని పరుపు పడదు, పరుపెత్తితే గాని బియ్యం దొరకవు. దానికి తోడు మొదటిరోజే నీళ్ళ గొట్టం గడ్డకట్టింది. రెండోరోజు ఈ మైదానంలోకి వచ్చి వెనక్కి తీస్తుంటే బండి స్తంభానికి తగిలి దీపం పగిలింది. "నువ్వు సరిగ్గా చూసి చెప్పలేదు" అన్నాడాయన. ఆమె "ఆగండి, ఆగండి" అని అరిచిన అరుపు సరస్సు అవతలి ఒడ్డుకు కూడా వినబడే ఉంటుంది.

ఆ రెండోరోజు సాయంత్రమే ఇక్కడికి చేరారు. ఆమె వంట చేస్తుంటే బండి పైకప్పుకు బిగించి ఉన్న తెల్లటి చిన్న పెట్టె ఒక్కసారిగా కీచుమంటూ మొదలెట్టింది. కిటికీ తీయబోతే, "వేడంతా పోతుంది, ముయ్యి!" అన్నాడు. ఆయనే కుర్చీ ఎక్కి పెట్టె విప్పి, అందులో బ్యాటరీలు పీకి తన రేడియోలో వేసుకున్నాడు. "వంటపొగకే గోల! ఈ పెట్టెకీ నీకూ ఒకటే జబ్బు, ఊరికే అరుస్తారు" అన్నాడు. ఆ రాత్రి అంతా రేడియో బాగా పాడింది.

ఇవన్నీ తలలో తిరుగుతుండగా, ఖాళీ డబ్బాతో తిరిగి వస్తూ, దారి జారుడుగా ఉందని బండికి అవతలి పక్కనుంచి చుట్టి వచ్చింది. అటువైపు ఇన్నాళ్ళూ ఎవరికీ పని పడలేదు. గాలి తగలకుండా ఉంటుందని ఆయన బండిని మంచుదిబ్బకు ఆనించి నిలిపాడు. "వంతెనలు కట్టినవాణ్ణి, బండి నిలపడం రాదా?" అన్నాడప్పుడు. దిబ్బకూ బండికీ మధ్య సందులో ఆమె ఒంటిని ఇరికించి చూసింది. హీటరు పొగ బయటికి పోయే గొట్టం మోకాలెత్తున ఉండాలి. అక్కడ గొట్టం లేదు, మంచు ఉంది. మూడు రాత్రులు కురిసిన మంచు.

పొగగొట్టం మూసుకుపోతే లోపల ఏమవుతుందో తెలియడానికి వంతెనలు కట్టనక్కర్లేదు. కానీ లోపల పొగ లేదే! వాసనా లేదే! పెట్టె మాత్రం ఆ రోజే అరిచింది. తన అనుమానం తప్పయితే? ఒక్కరోజుతో పోయే మాటా అది? పదేళ్ళు పెళ్ళిళ్ళలోనూ పేరంటాల్లోనూ చెప్పుకుని నవ్వుతారు. నిజమైతే? ఆ ఆలోచన వచ్చేసరికి డబ్బా చేతిలోంచి జారింది. మంచు మీద పరిగెత్తకూడదని తెలిసినా పరిగెత్తింది.

లోపల మొగుడు ముసుగుతన్ని పడుకున్నాడు. "ఫ్లూ పట్టినట్టుంది. తలుపు వెయ్యి. హీటరు ఇంకాస్త పెంచు" అన్నాడు ముసుగులోంచే. అత్తగారు పరుపు మీద కూర్చుని ఉంది. బుగ్గలు ఎర్రగా పొంగాయి, కళ్ళు ఎటో చూస్తున్నాయి.

"అత్తయ్యా!"

"అమ్మాయ్... దీపం ఎందుకు ఆర్పేశారే?" అంది ముసలావిడ, కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతుండగానే. అని పక్కకు ఒరిగిపోయింది.

ఆమె చెయ్యి హీటరు మీట మీద ఉంది. పెంచమన్నాడు కదా. పెంచమంటే పెంచడం, తగ్గించమంటే తగ్గించడం ముప్పై ఏళ్ళ అలవాటు, చేతికి నేర్పక్కర్లేదు. ఆ చెయ్యే మీట తిప్పి హీటరు ఆర్పేసింది. కిటికీలు బార్లా తెరిచింది.

"పిచ్చెక్కిందా నీకు? చలికి మా అమ్మ చచ్చిపోతుంది!"

"చలికి పోరు. గాలి లేక పోతారు. లేవండి, బయటికి!"

ఆయన లేవబోతే కాళ్ళు నిలబడలేదు. అప్పుడు కనబడింది ఆయన మొహంలో భయం. ఆమె అత్తగారిని దుప్పటితో సహా చంకల కింద చేతులేసి లాగింది. పాకుతూ వచ్చిన మొగుడిని కాలరు పట్టుకుని మెట్టు దించింది. ముసలావిడను ఒళ్ళో పడేసుకుని మంచులోనే కూర్చుని ఫోను చేసింది. అంబులెన్సు వచ్చేదాకా ఒకటే పని: ఆ సన్నటి ఛాతీ లేస్తోందా, లేదా? లేచింది. లేచిందా? ఆఁ, లేచింది. ఇరవై నిమిషాలు ఆమె కూడా ఊపిరి పీల్చిందో లేదో ఆమెకే తెలియదు.

ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ మాస్కులు పెట్టారు. మధ్యాహ్నానికి అత్తగారు కళ్ళు తెరిచి, ఇక్కడ టీ ఎవరిస్తారని అడిగింది. డాక్టరమ్మ కాగితం రాసుకుంటూ, "వాసన లేని విషవాయువది, ఇంకో గంట లోపలే ఉండుంటే..." అని ఆగిపోయి, "ఎవరు కనిపెట్టారు?" అంది.

"మాకు అనుమానం వచ్చిందండీ" అన్నాడు ఇంజనీరు.

మాకు! ఆ మాటను ఆమె మాస్కు కిందే దిద్దింది: నాకు!

సాయంత్రం ఆడపడుచు ఫోను చేసింది. పక్క మంచం మీద ఆనుకుని కూర్చుని ఆయన హుషారుగా ఎత్తాడు. "ఏం లేదే! మీ వదినకి తలనొప్పి ఎక్కువైంది, అందుకే మధ్యలోనే తిరిగొచ్చేస్తున్నాం. తెలిసిందేగా ఆవిడ సంగతి. అమ్మా? అమ్మ బంగారంలా ఉంది. బండి కూడా కొంచెం ఇబ్బంది పెట్టిందిలే."

పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో ఏం జరిగినా ఊరికి చేరింది ఆయన నోటి మీదుగానే. ఆమె ఉద్యోగం మానేస్తానన్న ఏడాది కూడా, మానకపోయిన ఏడాది కూడా. ఆమె చెయ్యి చాచింది. బాగానే ఉన్నాను అని ఒక ముక్క అనడానికేననుకుని ఆయన ఫోను ఇచ్చేశాడు.

"వదినా, ఎలా ఉంది తలనొప్పి?"

"తలనొప్పి లేదు. పని ఉంటే ఆపేసి కూర్చో. మీ అమ్మ పొద్దున ఎలా చావు దాకా వెళ్ళిందో, మీ అన్నయ్య ఏం పీకి రేడియోలో వేసుకున్నారో, మొదట్నుంచీ చెబుతాను."

ఆయన మంచం మీంచి వంగి, ఫోను ఇటివ్వమని వేళ్ళు ఆడించాడు. ఆమె ఫోనును అవతలి చెవికి మార్చుకుని, గోడవైపు తిరిగి, చెప్పడం మొదలుపెట్టింది.