పోయిండు అని రాసిన చీటీలు

ఐదో తరగతితో బడి మానేసినవాడి చేతిరాతను పట్టుకుని ఒక మందు మంచిదో చెడ్డదో తేల్చారంటే ఎవరూ నమ్మరు. తేల్చారు. ఆ రాత నాది.

మాదాపూర్‌లో గుట్టలు పేల్చి ఆ గుండ్రటి అద్దాల మేడ లేపిన మరుసటేడు సంగతి ఇది. మేడ వెనక సందులో, రెండంతస్తుల కిరాయి ఇంట్లో మా ఆఫీసు ఉండేది. దవాఖానల కాగితాలను కంప్యూటర్లకు ఎక్కించడం దాని పని. ఎక్కించేవాళ్ళకు చాయ్ అందించడం, కట్టలు మోయడం, తాళాలు వేయడం నా పని. నలభై ఆరేళ్ళవాణ్ని, నిన్నగాక మొన్న కాలేజీ దాటినవాళ్ళు "ఎల్లేశం, నీళ్ళు" అంటే లేచేవాణ్ని. చదువుకున్నవాళ్ళ మీద నాకు మొదటినుంచీ మంట ఉంది. దాచుకోను.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఆఫీసుకు పెద్ద పని వచ్చింది. షుగర్ రోగులకు కొత్తగా ఇస్తున్న గులాబీ రంగు గోళీ ఒకటి ఉంది. అది నిజంగా పనిచేస్తోందా, దానివల్ల కాలేయం చెడిపోతోందా, తేల్చి రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టును బట్టి దవాఖానలు ఆ గోళీని ఎలా ఇవ్వాలో నిర్ణయించుకుంటాయట. మాట చెవిన పడగానే చాయ్ ట్రే పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ గోళీ మా ఇంట్లో ఉంది.

మా అక్క బుచ్చమ్మ హఫీజ్‌పేట స్టేషన్ బయట కూరగాయలు అమ్ముతుంది. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ చనిపోతే నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. మొగుడు లేడు, పిల్లలు లేరు, నా దగ్గరే ఉంటుంది. షుగర్‌తో కుడి మడమకు పుండు పడి ఆరు నెలలైనా మానలేదు. కాలు తీసేయాలన్నారు పెద్ద దవాఖానలో. తీసేముందు ఒకసారి చూద్దామని ఈ గోళీ ఇచ్చారు. షుగర్ దిగింది, పుండు ఎండింది, అక్క మళ్ళీ గంప ఎత్తింది. నెలనెలా కాలేయానికి రక్తపరీక్ష మాత్రం చేసేవాళ్ళు. ఎందుకో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

డాక్టర్ యజ్ఞనారాయణ గారు ఈ పనికి పెద్ద. గుంటూరు వైపు మనిషి, మెత్తని మాట. మొదటిరోజే బల్ల మీద కాగితాలను రెండు కుప్పలుగా పెట్టి, పక్కన మూడోదానికి జాగా వదిలి అందరికీ చెప్పారు. మొదటిది విదేశాల నుంచి వచ్చిన అచ్చు కాగితాలు. అక్కడ ఎంపిక చేసిన మనుషులకు గోళీ ఇచ్చి, మరి కొందరికి ఉత్త పిండిగోళీ ఇచ్చి, ఆరు నెలలు చూశారు. రెండోది మన దవాఖానల కేసు షీట్లు. మొదటి కుప్పలో వాళ్ళంతా గట్టి మనుషులు, ఆరు నెలల తర్వాత ఏమైందో అందులో ఉండదు. రెండో కుప్పలో దవాఖానకు వచ్చినవాళ్ళే ఉంటారు. వచ్చి వచ్చి మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు? అది మూడో కుప్ప. ఇంకా పుట్టలేదు. ఎవరైనా ఇళ్ళకు వెళ్ళి కనుక్కోవాలి. మూడూ కలిపితేనే నిజం.

వెళ్ళేదెవరు? పిల్లలకు ఊళ్ళు తెలియవు. నల్లగండ్ల, ఖానామెట్, నిజాంపేట, రాయదుర్గం, ఈ ఊళ్ళన్నీ నేను సైకిల్ మీద తిరిగినవి. డాక్టరు గారు నా వైపు చూశారు.

"రానివాళ్ళే మనకు ముఖ్యం, ఎల్లేశం. వాళ్ళ సంగతి నువ్వు రాసుకొస్తేనే తెలుస్తుంది."

నా జీవితంలో నా రాత కావాలన్నది ఆయనొక్కడే. ఆ రోజు ఇంటికి వెళ్ళి అక్కతో చెప్పుకున్నాను కూడా.

చీటీలు అచ్చేసి ఇచ్చారు. పేరు, ఊరు, షీటు నంబరు. గోళీ వేసుకుంటున్నారా. రోగి ఇప్పుడు ఎక్కడ. అంతే, మూడు వేళ్ళంత జాగా. నేను రాసుకొచ్చినవాటిని ఉమాశ్రీ మేడమ్ చదివి, ఇంగ్లీషులో మార్చి కంప్యూటర్లో వేయాలి.

ఉమాశ్రీ మేడమ్‌ది అమలాపురం. ఆ నెలలోనే చేరింది. చేరిన వారానికే ఒక తమాషా జరిగింది. డ్రైవర్ రాజయ్య కోసం వెతుకుతూ నన్నడిగింది. రాజయ్య పోయిండు మేడమ్ అన్నాను. ఆమె గుండె మీద చెయ్యేసుకుని కుర్చీలో కూలబడింది.

"అయ్యో, ఎప్పుడండీ? పొద్దున్న నాతో మాట్లాడాడే."

"ఇప్పుడే మేడమ్. చాయ్ తాగనీకి."

ఆఫీసంతా పడీ పడీ నవ్వింది. రాజయ్య అయితే రోజూ పొద్దున్నే ఆమె బల్ల ముందు నిలబడి, "మేడమ్, నేనింక పోలే, చూసుకోండ్రి" అనేవాడు. ఆమె కూడా నవ్వేది. ఒక చిన్న పుస్తకంలో మా మాటలు రాసుకునేది. జర అంటే కొంచెం, గిట్ల అంటే ఇలా. పోయిండు అంటే వెళ్ళాడు అని నేనే దగ్గరుండి రాయించాను. మా దగ్గర అట్లనే అంటం మేడమ్, పరేషాన్ కావద్దు అన్నాను. గొప్పగా చెప్పాను. ఇంజనీరింగ్ చదివిన పిల్లకు నేను పాఠం చెప్పడం అదే మొదలు.

మార్చి, ఏప్రిల్ రెండు నెలలూ తిరిగాను. అరవై మూడు ఇళ్ళు. కొందరు ఖర్చు భరించలేక మానేశారు, కొందరు ఆకు మందుకు మారారు. కొందరు పనికి వలస పోయారు. వాళ్ళకు భీవండి పోయిండు, షోలాపూర్ పోయింది అని రాశాను. పదకొండు ఇళ్ళలో మనిషే లేడు. ఫోటోకు దండ ఉంది.

ఖానామెట్‌లో గంగమ్మ అనే ఆమె కోసం వెళితే కోడలు గడపలోనే నిలబడి చెప్పింది. "కండ్లు పసుపు కొమ్ముల లెక్క అయినయన్నా. పసరు పోయించినం. పది దినాలకే పోయింది." కండ్లు పసుపైన సంగతి మరో మూడు ఇళ్ళలోనూ విన్నాను. చీటీలో దానికి జాగా లేదు. దుఃఖంలో ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని చచ్చింది అని ఎవరు రాస్తారు? మేము రాయం, అనం. అలాంటి ఇంట్లో, ఏ ఊరికో చెప్పకుండా ఉత్తగా పోయింది అంటే మా వాళ్ళలో పసిపిల్లకైనా తెలుస్తుంది. పేరు గంగమ్మ, ఊరు ఖానామెట్, రోగి ఇప్పుడు ఎక్కడ అన్నచోట పోయింది అని రాశాను. అలా పదకొండు చీటీలు.

రాసేటప్పుడు భయం వేసింది. నలుగురికి పసుపు కళ్ళు. కానీ నాకు ధైర్యం కూడా ఉంది. నేను రాసుకుపోతున్నాను, చదువుకున్నవాళ్ళు చూస్తారు, మూడు కుప్పలూ కలుపుతారు, గోళీలో విషముంటే పట్టేస్తారు. అంతవరకు అక్కకు నెలనెలా రక్తపరీక్ష ఉండనే ఉంది. చెబితే గోళీ ఆపేస్తుంది, నా అంతట నేను ఆమె కాలి మీదికి తేవడం ఎందుకని నోరు మూసుకున్నాను.

జూన్ మొదట్లో ఆఫీసులో మైసూర్‌పాక్ పంచారు. రిపోర్టు అయిపోయింది. డాక్టరు గారు నా భుజం తట్టి, నీ మూడో కుప్పే మనకు ధైర్యం ఇచ్చింది ఎల్లేశం, దవాఖానకు రాని అరవై మూడు మందిలో ఒక్క చావు కూడా లేదు అన్నారు.

మైసూర్‌పాక్ చేతిలోనే ఉండిపోయింది. తిన్నగా ఉమాశ్రీ మేడమ్ దగ్గరికి వెళ్ళి, నా చీటీలు ఎట్ల ఎక్కించిన్రు మేడమ్ అని అడిగాను. ఆమె తెర మీద చూపించింది. ఇంగ్లీషులో ఒక వరుస. ఊరు విడిచి వెళ్ళినవారు, ఆచూకీ తెలియనివారు, ఇరవై ఆరుగురు.

"గంగమ్మ ఏది మేడమ్?"

"ఇదిగోండి. వెళ్ళిపోయింది అని వేశాను."

"గంగమ్మ సచ్చిపోయింది మేడమ్."

ఆమె నా వైపు చూసింది. చాలా చిన్న గొంతుతో అంది.

"పోయిండు అంటే వెళ్ళాడని మీరే నేర్పారు కదండీ, ఎల్లేశం గారూ."

 చిన్న పుస్తకం కంప్యూటర్ పక్కనే ఉంది. తెరవాల్సిన పనిలేదు.

మంచి పిల్ల. తప్పు నాది కాదని తప్పించుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని డాక్టరు గారి గదికి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. రిపోర్టు మంగళవారమే వెళ్ళిపోయింది. వెనక్కి తెప్పించి మార్చాలంటే ప్రతి చావుకూ కాగితం కావాలి. చీటీ మీద ఒక మాట వేసి, ఆ మాటకు అర్థం అది కాదు ఇది అని ఇప్పుడు చెబితే రిపోర్టు అడిగినవాళ్ళు ఒప్పుకోరు. పసుపు కళ్ళ సంగతి అసలు ఎక్కడా రాసి లేదు.

"నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను ఎల్లేశం. కానీ నా నమ్మకాన్ని పంపలేను. కాగితం తే."

మళ్ళీ సైకిల్ ఎక్కాను. పదకొండు ఇళ్ళు. చనిపోయినవాళ్ళను కాల్చడమో పూడ్చడమో తప్ప పంచాయతీలో ఎవరు రాయించారు? సెక్రటరీలు నన్ను పైనుంచి కిందికి చూశారు. నువ్వు ఏం కావాలె వాళ్ళకు అని ఒకడు అడిగాడు. ఇరవై రోజులు తిరిగితే రెండు సర్టిఫికెట్లు దొరికాయి. గంగమ్మది ఒకటి. చావుకు కారణం అన్నచోట వృద్ధాప్యం అని ఉంది. గంగమ్మకు యాభై రెండేళ్ళు.

అవే తెచ్చి ఇచ్చాను. డాక్టరు గారు ఉత్తరం రాసి వాటిని జతచేశారు. నెలకు జవాబొచ్చింది. ఉమాశ్రీ మేడమ్ చదివి తెలుగులో చెప్పింది. రెండు మరణాలను చేర్చుకున్నాం, వృద్ధాప్యం వల్ల కాబట్టి మందుకు సంబంధం లేదు, ఫలితం మారదు. చీటీల్లో ఉన్నప్పుడు వాళ్ళు కనీసం ఆచూకీ తెలియనివాళ్ళు. నేను తిరిగి తిరిగి తెచ్చిన కాగితంతో, గోళీ తప్పులేదని వాళ్ళతోనే సాక్ష్యం చెప్పించాను.

ఆగస్టులో అక్క దవాఖానకు వెళితే, ఇకనుంచి నెలనెలా రక్తపరీక్ష అక్కర్లేదన్నారు. గోళీకి భయం లేదని తేలిందట. అక్క సంబరంగా వచ్చి చెప్పింది, సూది బాధ తప్పిందని.

అప్పుడు చెప్పాను ఆమెకు, మొత్తం. గోళీ ఆపమన్నాను. నా మాట విని ఆపింది. తొమ్మిదో రోజుకు మడమ మళ్ళీ తడిసింది. పదో రోజు నా ఎదురుగానే డబ్బా తీసి గోళీ మింగి నీళ్ళు తాగింది.

"నలుగురు పోయిన్రంటవు. నాకు కాలు దక్కింది గాదురా. ఏది నిజమనుకోవాలె?"

నేను కూకట్‌పల్లిలో ప్రైవేటు ల్యాబుకు తీసుకెళ్ళి కాలేయం పరీక్షకు రక్తం ఇప్పించాను. ఆ కాగితం డాక్టర్ యజ్ఞనారాయణ గారి ముందు పెట్టాను. కొంచెం ఎక్కువే ఉంది అన్నారు. షుగర్ ఉన్నవాళ్ళలో గోళీ లేకపోయినా ఇంత ఉండొచ్చు అని కూడా అన్నారు. ఆ నలుగురిలో ఇద్దరు తాగేవాళ్ళు కదా అన్నారు. అవును, తాగేవాళ్ళే. ఒకామె ఊళ్ళో ఆమె చనిపోయిన వానాకాలం నీళ్ళు బాగాలేక చాలామందికి కామెర్లు వచ్చాయి కదా అన్నారు. అదీ నిజమే. నేను చెప్పినవే అవన్నీ. గోళీయే చంపిందని నేను మాత్రం ఎలా ఒట్టేయను?

"రిపోర్టు ప్రకారం ఆపాల్సిన పనిలేదు" అన్నారు చివరికి.

"రిపోర్టు వద్దు సార్. మీ సొంత అక్కయితే ఏం చేస్తరు?"

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. బయట గుట్టను పేలుస్తున్నారు, అద్దాలు గలగలమన్నాయి.

"నాకు తెలియదు, ఎల్లేశం."

కోపంతో వెళ్ళాను, తిట్టడానికి కూడా సిద్ధపడ్డాను. ఆ మాట విన్నాక తిట్టడానికి మనిషి దొరకలేదు. చదువుకున్నవాడికి తెలియదు. చదువుకోనివాడు పోయిండు అని రాశాడు. ఆ పిల్ల ఉద్యోగం మానేసి ఊరెళ్ళిపోయింది. వెళ్ళేరోజు రాజయ్య కూడా వేళాకోళమాడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో పరీక్ష రోజూ జరుగుతుంది. పొద్దున అక్క అరుగు మీద తూర్పు ముఖంగా కూర్చుని కింది రెప్ప వేలితో లాగి పట్టుకుంటుంది. నేను వంగి చూస్తాను. ఎర్రటి సన్న నరాలు కనిపిస్తాయి. వాటి మధ్య తెలుపు తెలుపేనా, నిన్నటికంటే మారిందా, ఎంత చూసినా తెలియదు. పొద్దుటి ఎండలో గోడ కూడా కొంచెం పసుపుగానే ఉంటుంది. నీడలోకి రమ్మని మళ్ళీ చూస్తాను. తర్వాత మడమ చూస్తాను. పొడిగా ఉంటుంది.

"ఎట్లున్నయ్‌రా?"

"మంచిగనే ఉన్నయక్కా."

గోళీ వేసుకుంటుంది. గంప నెత్తికెత్తుకుంటుంది. మొన్న గడప దిగుతూ, పోతున్న తమ్మీ అంది. పోయొస్త అను అక్కా అన్నాను. నా గొంతు ఎలా వినిపించిందో, గంప పట్టుకునే వెనక్కి తిరిగింది.

"ఇన్నేండ్ల సంది గట్లనే అంటున్న. ఇయ్యాల కొత్తగ ఏమొచ్చిందిరా నీకు?"

ఏం లేదన్నాను. బండి టైమవుతోందని నడిచింది. స్టేషన్ మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను, కాలు ఈడుస్తోందా లేదా అని.