కందెన తాగిన జీపు

మెహమూద్ అప్పటికే జీపు కింద పండుకొని ఉన్నడు. మూరెడు వేపపుల్ల ఒక కొన పండ్ల నడుమ కరిచి, ఇంకో కొన గేరు డబ్బాకు ఆనిచ్చి, కండ్లు మూసుకొని వింటుండు. దవాఖానల డాక్టరుకు గొట్టం ఎట్లనో ఈయనకు ఆ పుల్ల అట్ల. అది ఎక్కడ మోగితే అక్కడ రోగం. నల్గొండల ఏ మోటరు ముఖమూ ఆయనకు గుర్తుండదు గని, కడుపు చూస్తే పేరుపెట్టి పిలుస్తడు.

"ఇంజన్ తిప్పురా!" అన్నడు పుల్ల తియ్యకుండనే.

పైన కూసున్న డ్రైవరు భిక్షపతి తిప్పిండు. ఆ చప్పుడుకు పక్కూరు పానగల్ల కోళ్లు రెండోసారి తెల్లారిందనుకున్నయి.

"ఏమంటాంది మియా?"

"ఏడుస్తాంది. నీ పేరు చెప్పుకొని ఏడుస్తాంది."

ఆ జీపు పెద్ద యుద్ధంల బాంబుల నడుమ తిరిగి బతికొచ్చింది. పోలీస్ యాక్షన్ అయినంక మిలిట్రీవాళ్లు దాన్ని ఇక్కడ ఇడిసిపెట్టి పోయిండ్రు. బాంబులను తట్టుకున్నది భిక్షపతిని తట్టుకోలేకపోయింది. భిక్షపతి నిరుడుదాక ఎడ్లబండి తోలినోడు. ఇప్పటికీ బ్రేకు తొక్కేటప్పుడు "హో... హో" అంటడు. చెప్పంగనే ఆగకపోతే ముందుకు వంగి తోక వెతుకుతడని చూసినోళ్లు ఒట్టేసి చెప్తరు.

జీపుకు పెద్ద గేరుతోటి పాటు పక్కన ఇంకో రెండు లీవర్లుంటయి. ఒకటి ముందర చక్రాలకు గూడ బలం పంపుతది. రెండోది ఇసుకల, బురదల మెల్లగ గుంజేటందుకు. నిన్నటి సంది రెండూ కదుల్తలేవు. అవి లేకపోతే మర్రిగూడ తొవ్వల ఉన్న వాగు దాటదు.

మెహమూద్ బిడ్డ జాహేదాను ఇచ్చింది ఆ మర్రిగూడలనే. సెప్టెంబరు నెలల ఊర్ల మీద ఊర్లు తగలబడ్డయని విన్నడు గని, బిడ్డ ఉన్నదో లేదో చెప్పేటోడు దొరకలే. మోటర్లు బందైనయి. ఆ తొవ్వ పగలొక తుపాకులోళ్లది, రాత్రి ఇంకో తుపాకులోళ్లది. గడ్డమున్న మనిషి ఒంటిగ నడిచే తొవ్వ కాదు. ఎండాకాలమోలె మండిన ఆ నెల పోయి చలికాలం వచ్చింది. ఇయ్యాల పగటియాళ్లకు ఈ జీపు మర్రిగూడ పోలీసు క్యాంపుకు బియ్యం తీస్కపోవాలె. బాగుకాకపోతే తాడు కట్టి పట్నం పంపుతరట. ఇగ అటు పోయే బండే లేదు.

"ముందుసీటు నీకే మియా. బిస్తర్ సర్దుకో" అన్నడు భిక్షపతి.

మెహమూద్ పెద్ద గేరు డబ్బా వెనకనున్న చిన్న డబ్బా దగ్గర పుల్ల ఆపిండు. సాఫ్ చప్పుడు లేదు. నోట్ల ముద్ద పెట్టుకొని మాట్లాడే మనిషి లెక్క లోపట గుజగుజ. అడుగు బిరడా ఇప్పిండు. నూనె కారలే. కొంచెం సేపు ఆలోచించుకొని, పాతబెల్లం పాకమోలె నల్లటి ముద్ద ఒకటి మెల్లగ దిగింది. వేలికి రాసుకొని వాసన చూసిండు.

"అరే భిక్షపతి. ఇది ఆముదం."

"ఉత్త ఆముదమా? గడ్డి కాల్చిన బూడిద గూడ కలిపిన. కందెన! మొన్న గీ డబ్బా కిర్రుమన్నది, బిరడా ఇప్పి దట్టంగ పెట్టిన. మా తాతల సంది బండి ఇరుసుకు అదే పెడ్తున్నం. ఎడ్లు ఒక్కటన్న ఫిర్యాదు చేసినయా?"

మెహమూద్ నవ్వాలనుకున్నడు. రెంచి గుంజంగ ఎడమ బుజం కాడ ఏదో పట్టేసినట్టయింది. నూనె చేత్తోటే ఛాతి రుద్దుకున్నడు. తెల్ల అంగీ మీద నల్లటి పంజా పడ్డది.

"ఏమైంది?"

"ఏం లేదు. రాత్రి శనగపప్పు."

చలికి కందెన పేరుకొని రాయైంది. దీపాల గ్యాస్‌నూనె పోసి, గుడ్డ పెట్టి, పుల్లతోటి గీకి, చిన్న డబ్బా పేగులన్నీ కడిగిండు. రెండు లీవర్ల కడ్డీల నడుమ ఉండే వేలిగోరంత మేకు దాని బొందల బూడిద పట్టి ఇరుక్కపోయింది. దాన్ని చిటికెనవేలి మీద పెట్టుకొని చూపిచ్చిండు.

"ఇది చూసినవా? గీ ముందర చక్రాల లీవరు అత్త. గీ మెల్లగ గుంజే లీవరు కోడలు. అత్త కూసున్నంకనే కోడలు కూసోవాలె. లేచేటప్పుడు కోడలు ముందు లేవాలె. ఈ మేకు ఇంటిపెద్ద. నువ్వు ఆయన నోట్ల కందెన కుక్కినవు. ఇగ ఇల్లు నడుస్తదా?"

"మా ఇంట్ల మా అమ్మ కూసుంటే నా పెండ్లాం పండుకుంటది మియా."

"అందుకే నీకు జీపు గూడ నడుస్తలేదు."

పెండ్లాం ఖాతూన్ బతికున్నప్పుడు ఈ షెడ్డులనే వంట. జాహేదా బోర్లపడ్డది ఇక్కడే, పాత బస్సు చక్రం నడుమ. బేరింగు గోలీలతోటి ఆడింది. ఇంజన్ చప్పుడు లేకపోతే నిద్రపోకపోయేది. ఊరికే నిద్రపుచ్చుటానికి పెట్రోలు తగలేసిన తండ్రి జిల్లాల ఈయనొక్కడే.

పగటియాళ్లకు అత్త కూసున్నది, కోడలు కూసున్నది. బియ్యం బస్తాలు ఎక్కినయి. ఇన్నేండ్లు మోటర్ల కిందనే బతికిన మెహమూద్ మొదటిసారి ముందుసీట్ల కూసున్నడు. చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెలువక పుల్ల పట్టుకున్నడు.

వాగు కాడ ఇసుకల జీపు కూలబడ్డది. భిక్షపతి "హో" అన్నడు.

"ఎద్దు కాదురా! అత్తను కూసోబెట్టు. ఆఁ. ఇగ కోడలు."

జీపు మూల్గుకుంట, ముసలి తాబేలోలె అవతలి ఒడ్డెక్కింది. మెహమూద్ పుల్ల కరిచి గేరు డబ్బాకు ఆనిచ్చి విన్నడు.

"ఏమంటాంది?"

"ఏడుస్తలేదు."

మర్రిగూడల జాహేదా ఇంటి తలుపు కాలి ఉన్నది. మెహమూద్ సీట్ల నుంచి లేవలేకపోయిండు. పక్కింట్లకెల్లి జొన్నపిండి చేతులతోటి ఒక మనిషి ఉరికొచ్చింది.

"అబ్బాజాన్! గిప్పుడా వచ్చేది?"

పుల్ల సీటు మీద పడేసి దిగిండు. బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ఎన్ని మాటలు దాచుకున్నడో గని, నోట్లకెల్లి ఒక్కటే వచ్చింది.

"జీపు ఖరాబైంది, బేటీ."

పక్కింటి లీలమ్మ గడపల నిలబడి చెప్పింది. "ఊరి మీద పడ్డోళ్లు నా తలుపు కొట్టిండ్రన్నా. కొట్టంల ఈననీకి వచ్చిన బర్రె ఉన్నది, తంతదని చెప్పిన. నీ బిడ్డా అల్లుడు మంచి బర్రెలు. చప్పుడు చెయ్యలే."

మెహమూద్ నవ్విండు. నవ్వుకుంటనే ఛాతి పట్టుకున్నడు.

"గీ మరక ఏంది?" అన్నది జాహేదా.

"శనగపప్పు."

రొట్టె, పుంటికూర తిన్నడు. ఇంకో సగం అడిగిండు. నూనె కాళ్లు దుప్పటికి అంటొద్దని మంచం బయటికి చాపి ఒరిగిండు.

"జర కన్ను మూస్త. హారను కొడితే లేస్త."

బియ్యం దించి వచ్చి భిక్షపతి హారను కొట్టిండు. ఆ చప్పుడుకు ఊర్లె కుక్కలన్నీ లేచినయి. మళ్ల కొట్టిండు. లోపల జాహేదా తండ్రి కాలు పట్టుకొని కదిపింది. మోటరు పిలిస్తే లేవకుండ ఉన్న మనిషి కాదాయన.

తెల్లారి మట్టిచేసినంక భిక్షపతి ఒక్కడే బయలెల్లిండు. వాగు కాడ ఎవరూ చెప్పకున్నా అత్తను కూసోబెట్టిండు, కోడలిని కూసోబెట్టిండు. ఒడ్డెక్కినంక కోడలిని లేపాలె. మియా నేర్పిన లీవరు తియ్యనీకి చెయ్యి పోలే. నల్గొండ దాక జీపు అట్లనే మూల్గుకుంట నడిచింది. ఎడ్లబండ్లు దాటిపోయినయి, బండ్లోళ్లు నవ్విండ్రు. 

పక్కసీటు మీద వేపపుల్ల అటూ ఇటూ దొర్లుతాంది, ఒక కొన నూనెకు నల్లగ, ఇంకో కొనకు పండ్ల గాట్లు.