రెండున్నర అడుగుల అంగ

భోజనాల బల్ల మీద పరిచిన ఆసుపత్రి ప్లాను అంచున కప్పు పెట్టి, టీలో చక్కెర ఎక్కువైందన్నాడు భర్త. ప్లానులో వార్డు ఇరవై అడుగులు ఎక్కువైన సంగతి మాత్రం అతని కంట పడలేదు.

ఆమె కంట పడింది.

మామగారు, భర్త ఇద్దరూ ఆర్కిటెక్టులు. ఆ చుట్టుపక్కల బడి కట్టాలన్నా, ఆసుపత్రి కట్టాలన్నా జనం ముందు ఈ గుమ్మమే ఎక్కుతారు. మామగారు టేపు ముట్టరు. స్థలం ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తారు. ఆయన అంగ సరిగ్గా రెండున్నర అడుగులు. నలభై అంగలంటే వంద అడుగులు, కొడుకు మారుమాట లేకుండా రాసుకుంటాడు. రెండేళ్ల కిందటి మోకాలి ఆపరేషన్ తర్వాత ఆ అంగ రెండడుగులకు తగ్గిందని తండ్రి ఒప్పుకోడు, కొడుకు అడగడు. ఈ రెండేళ్లూ ఆమే కూరగాయల సంచిలో టేపు పెట్టుకెళ్లి కొలిచింది, పెన్సిలు గీతలు చెరిపి దిద్దింది. ఒకప్పుడు మామగారి ఆఫీసులోనే జీతానికి ప్లాన్లు గీసిన మనిషి. పెళ్లయ్యాక, ఇంటి మనిషికి జీతమేమిటి, నలుగురూ నవ్విపోతారన్నారు మామగారు. జీతం ఆగింది, పని ఆగలేదు. పోయిన నెల బడి ప్రారంభోత్సవంలో ఎవరో ఆమెను ఏం చేస్తుంటారని అడిగితే భర్తే బదులిచ్చాడు: "ఏం లేదండీ, ఇంట్లోనే." ఆ బడి కొలతలూ ఆమెవే.

ఈసారి ఆమె రబ్బరు తీయలేదు. ఎర్ర సిరాతో వంద కొట్టేసి ఎనభై రాసింది. పక్కనే సంతకం పెట్టింది.

ఆసుపత్రి తరఫు ఇంజినీరు పదింటికి వస్తాడనగా, తొమ్మిదిన్నరకు తండ్రీకొడుకులిద్దరూ అది చూశారు.

"నలభై ఏళ్లుగా నడుస్తున్నా. నా అంగ మీదే అనుమానమా అమ్మాయ్?"

"నిన్న టేపుతో కొలిచాను మామయ్యగారూ. మీ లెక్కన కడితే చివరి మంచాలు రోడ్డు మీద పడతాయి. బస్సు దిగినవాళ్లు దిగినట్టే పడుకోవచ్చు."

ఆయన చేయి తనంతట తానే మోకాలి మీదకు వెళ్లింది.

భర్త గొంతు తగ్గించాడు. "సరే, దిద్దావు. ఎప్పట్లా చెరిపేసి దిద్దొచ్చుగా? ఇంకా అరగంట ఉంది, కొత్త కాగితం మీద గీసెయ్."

"చెరిపేస్తే మీరు దిద్దినట్టుంటుంది."

ఆమె గీయలేదు. అతనికి గీయడం అలవాటు తప్పింది. పెన్సిలు చెక్కేలోపే ఇంజినీరు వచ్చాడు, వంగి ఎర్ర అంకె మీద వేలు పెట్టి, ఇదెవరు రాశారని అడిగాడు.

"మా ఆవిడండీ. ఏదో పొరపాటున..."

"పొరపాటు కాదండీ," అంది ఆమె. "రెండేళ్లుగా ఈ ఇంటి నుంచి వెళ్లిన ప్రతి కొలతా నాదే. సంతకం పెట్టడం ఇవాళే మొదలుపెట్టాను."